పదమూడో పేరు

తడి వల్ల కాదు. సొరబుర్ర మీది పొర తడిస్తే మోత మెత్తబడుతుంది గాని చచ్చిపోదు. నాన్న చేతులు బాగున్న రోజుల్లో వర్షాకాలమంతా ఆ మెత్తటి మోత వింటూ పెరిగినవాడు జెఫానియా. ఇది అది కాదు. చెక్కపలకలు పేర్చిన తింబిలా వాద్యాల్లో మంద్రంగా మోగే దాని మీద, అన్నిటికన్నా పెద్ద చెక్కపలక మీద దెబ్బ పడుతోంది. దాని కింద వేలాడే సొరబుర్ర మాత్రం పలకడం లేదు. బుర్ర లోపల ఏదో ఉంది.

వేదిక మీద కవి ఎలీజియు పేర్లు చదువుతున్నాడు. కవితంతా అంతే. పోర్చుగీసు జైళ్లలో చనిపోయిన పన్నెండుమంది పేర్లు, ఒక్కో పేరు తర్వాత ఆ పెద్ద పలక మీద ఒక్క దెబ్బ. దార్ ఎస్ సలామ్ రేవు కార్మికుల హాల్లో, మొజాంబిక్ వదిలి వచ్చిన రెండు వందలమంది ఊపిరి బిగబట్టి వింటున్నారు. రాత్రికి ఇదే గొంతు రేడియోలో సరిహద్దు దాటుతుంది. లిస్బన్ పోలీసులు ఆపాలనుకుంటున్నది దాన్నే.

పొద్దున ఉద్యమ భద్రతా దళం చీఫ్ జెఫానియాకి బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో ముగించాడు.

"సరుకు దిగింది. టార్గెట్ ఎలీజియు. వాళ్ల ఏజెంట్ మనలోనే ఉన్నాడు. కోడ్ పేరు గువ్వ."

"ఆయుధం?"

"అది నాకు తెలిస్తే నువ్వెందుకు?"

జెఫానియా కరెంటు పనివాడి వేషంలో మధ్యాహ్నానికే హాలు చేరాడు. మైకు విప్పాడు, టేప్ రికార్డర్ విప్పాడు, కుర్చీల కింద పాకాడు. గోడవారగా ఉన్న ఆరు తింబిలాలని మాత్రం ముట్టుకోలేదు. పదిహేడేళ్లుగా ముట్టుకోలేదు. దొరల పన్నులని ఎగతాళి చేస్తూ తింబిలా మీద పాట కట్టినందుకు నాన్న అరచేతులని పోర్చుగీసు దొర ఎముకలు విరిగేదాకా చెక్కబద్దతో కొట్టించాడు. ఆ తర్వాత తింబిలా చెక్క వాసన తగిలితే చాలు, జెఫానియా చేతులు జేబుల్లోకి వెళ్లిపోతాయి. వాటిలో ఏముంటుందిలే అని ఇందాక తనకి తానే చెప్పుకున్నాడు. భయానికి కారణాలు రాసిపెట్టడంలో మనసు మంచి గుమాస్తా.

ఏడో పేరు. దెబ్బ. బురదలో రాయి పడ్డట్టు.

వాయిస్తున్న ముసలి మజీవె నొసలు చిట్లించి పక్కవాడితో గొణిగాడు. "సముద్రపు గాలిరా. దీనికి జలుబు చేసింది."

ఆ వాద్యాన్ని నిన్న రేవు నుంచి తెచ్చింది గాయని ఒర్తెన్సియా. ఎర్ర పట్టు గౌను, ఆ నవ్వు. ఇక్కడి మగాళ్లలో సగంమంది ఆమె మాయలో ఉన్నారు, జెఫానియా కూడా. గంట క్రితం అతని కాలరు సర్దింది.

"ఏయ్ కరెంటాయనా, ముందు వరసలో కూర్చోకు. కిటికీ పక్కకి పో."

"ఏం, నీ పాట దూరం నుంచే బాగుంటుందా?"

"నీ మొహం దగ్గర్నుంచి బాగోదు."

గంటసేపు ఆ మాటే నెమరేసుకుంటూ కూర్చున్నాడు. ఇప్పుడామె తలుపు దగ్గర నిలబడి ఉంది. కవిని కాదు, గోడ గడియారాన్ని చూస్తోంది.

ఆమె పక్కకి చేరాడు. "ఎన్నింటికి?"

"ఏంటి ఎన్నింటికి?"

"బుర్రలో పెట్టింది."

 ఆమె గడియారం మీంచి చూపు తిప్పకుండానే అంది. "నాలుగున్నరకి. మా తమ్ముడు ఆర్నాల్దు వాళ్ల జైల్లో ఉన్నాడు. ఎలీజియు బతికితే వాడు బతకడు."

నాలుగూ ఇరవై ఎనిమిది.

జెఫానియా వేదిక ఎక్కాడు.

"ఏంట్రా?" అన్నాడు మజీవె.

"వైరు తాతా, పట్టించుకోకు."

బుర్రని వాద్యానికి అతికించిన మైనాన్ని చాకుతో కోసి దాన్ని ఊడదీశాడు. అప్పుడు కూడా చెక్కకి చెయ్యి తగలనివ్వలేదు. పసిపిల్లలా గుండెకి హత్తుకుని వెనక తలుపు వైపు నడిచాడు. "కరెంటోడికి సొరకాయ కూర గుర్తొచ్చినట్టుంది," అని ఎవరో అంటే నలుగురు నవ్వారు. గోడ అవతల, నీళ్లు వెనక్కి తగ్గిన ఒడ్డు మీదకి బలం కొద్దీ విసిరి నేల మీద పడ్డాడు.

పేలుడుకి కిటికీ అద్దాలన్నీ రాలాయి. నాలుగు కాకులు చచ్చాయి. ఇంకెవరూ చావలేదు.

తిరిగి వచ్చేసరికి మజీవె ఖాళీ చట్రాన్ని తడుముతున్నాడు. "నాలుగొందల ఏళ్లుగా మన పాటకి శిక్షలు వేస్తున్నారు. ఒక్కసారైనా విని ఉంటే బాంబు ఇంకెక్కడన్నా పెట్టేవాళ్లు."

జెఫానియా చూపించగానే పట్టుకున్న కాపలావాళ్ల మధ్య ఒర్తెన్సియా తల దించుకోలేదు.

"ఎలీజియుకి చెప్పు, చివర్న మా తమ్ముడి పేరు చదవమని."

"వాడింకా బతికే ఉన్నాడుగా."

"రాత్రి వాళ్లు రేడియోలో ఎలీజియు గొంతు వినేదాకా."

జెఫానియా వెళ్లి ఆ పేరు కవి చెవిలో చెప్పాడు. ఎలీజియు మైకుని దగ్గరికి లాక్కున్నాడు. టేపు మళ్లీ తిరిగింది. పన్నెండు పేర్లూ అయ్యాయి. ఒక్కోదాని తర్వాత మజీవె పక్క పలక మీద కొట్టాడు.

"ఆర్నాల్దు," అన్నాడు ఎలీజియు.

మజీవె కొట్టలేదు. వాయించే కర్రని జెఫానియా వైపు చాచి, బుర్ర లేని పెద్ద పలకని గడ్డంతో చూపించాడు. హాలంతా ఎదురుచూసింది.

జెఫానియా జేబులోంచి చెయ్యి తీశాడు. కర్ర అందుకుని, ఎడమచేత్తో వాద్యం చెక్కచట్రాన్ని పట్టుకుని, పెద్ద పలక మీద ఒక్క దెబ్బ కొట్టాడు.