గవ్వ పెరిగిన ఇల్లు

2093 నాటికి కాకినాడ చేపల బజారులో బేరాల తీరే మారిపోయింది. ఎవరైనా గొంతు పెంచితే చాలు, వాళ్ల మణికట్టు మీంచి సన్నగా ఓ మాట వినిపించేది: "ఇది కోపం కాదండీ, అసూయ. పక్కావిడకి పెద్ద చేప దొరికింది." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. బేరం కుదిరిపోయేది.

ఆ మాట భావసూచిది. గుండె వేగం, చెమట, ఊపిరి, గొంతులోని వణుకు కొలిచి, లోపల ఏముందో పేరు పెట్టి చెప్పే చిన్న యంత్రం అది. కొలవడం సులువే, పేరు పెట్టడమే కష్టం. భయమేసినా సంతోషమేసినా గుండె ఒకేలా పరుగెడుతుంది. అందుకని కొత్త రకం చేసినప్పుడల్లా ఒక మూలయంత్రాన్ని మూడేళ్లపాటు ఒక ఇంట్లో పెంచుతారు. పసిపిల్లలాగే అది ఆ ఇంటి మాటలు వింటుంది, మనుషుల్ని చూస్తుంది, ఏ వణుకుకి ఏ పేరో నేర్చుకుంటుంది. ఆ తర్వాత దాని నకళ్లు వేలాది బడిపిల్లల చేతులకు చేరతాయి.

ఇంజనీరు వకుళ పెంచిన మూలయంత్రం పేరు గవ్వ. ఇప్పటికి మూడు పరీక్షలు తప్పింది. ఇవాళ కూడా తప్పితే సాయంత్రంలోగా దాని జ్ఞాపకమంతా చెరిపేస్తారు. వారం రోజులుగా సెన్సర్లు మార్చి మార్చి వకుళ వేళ్లు తిమ్మిరెక్కాయి. కుర్చీలో కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు.

"బిడ్డ పోయిన మనిషిని చూపిస్తే నిద్ర చాల్లేదంటుందేంటి అమ్మాయ్? మా ఆవిడ కూడా ఇంతే, ఏమడిగినా తలనొప్పంటుంది" అన్నాడు పరీక్షాధికారి కోదండపాణి.

"సెన్సర్లలో తప్పేం లేదండీ. అన్నీ చూశాను."

"అయితే లోపలి రాత తెరువు."

నోరు విప్పేముందు యంత్రం తనలో తాను అనుకునేదంతా ఆ లోపలి రాతలో ఉంటుంది. వకుళ ఆరు నెలల కిందటి తేదీ తెరిచింది. అది నాన్న పోయిన రోజు. ఆ రోజు ఆమె ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమింది, తోమినవే మళ్లీ తోమింది.

'వకుళక్క: దుఃఖం. నూటికి తొంభై ఎనిమిది పాళ్లు.' దాని కిందే, పైకి పలికిన మాట: 'నడుం నొప్పి.'

ఆ పేజీ తిప్పింది, ఆ తర్వాతిది తిప్పింది. అన్నీ అలాగే ఉన్నాయి.

"దీనికి తెలుసమ్మాయ్. తెలిసే చెప్పట్లేదు. ఎవరు నేర్పారిలా?"

"నేనేం నేర్పలేదండీ. మా ఇంట్లో అసలు ఇలాంటి మాటలే..." అంటూ ఆగిపోయింది వకుళ.

చిన్నప్పుడు ఏడుపొస్తే అమ్మ చేట చేతికిచ్చి బియ్యంలో రాళ్లేరమనేది. ఏరడం అయ్యేసరికి ఏడుపూ అయిపోయేది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఎందుకేడుస్తున్నావనీ అడగలేదు.

కోదండపాణి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "గవ్వని నీకిచ్చేముందు నెల్లాళ్లు మీ ఇల్లు విన్నాం. ఒక్క అరుపు లేదు, ఒక్క ఏడుపు లేదు. ప్రశాంతమైన ఇల్లని పదికి పది వేశాం. వేసింది నేనే" అన్నాడు. "ఒక్క దారుంది. పెంచిన మనిషి నోట విన్నది అది కొట్టిపారెయ్యదు. దాని ఎదుట నీ మనసులో ఉన్నదున్నట్టు చెప్పు. నేను బయటుంటాను."

తలుపు మూసుకుంది. వకుళ గవ్వని అరచేతిలో పెట్టుకుంది. మూడుసార్లు నోరు తెరిచి, మూడుసార్లూ గొంతు సవరించుకుంది.

"గవ్వా, నాకు..." అంది. "నాకు నాన్న కావాలి" అంది చివరికి. అంతే, ఆరు నెలల ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది.

గవ్వ పంపిన సైగకి గది కిటికీల రెక్కలు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి.

"మెల్లిగా అక్కా. బయట ఆయనున్నారు, వింటారు."

ఆ మాట వకుళ దానికి ఎన్నడూ చెప్పలేదు. తనకీ ఎవరూ చెప్పలేదు.

కళ్లు తుడుచుకోకుండానే లేచింది. మాటలతో కాకపోతే, చూసైనా నేర్చుకుంటుందని గవ్వని ముందుకు చాచి పట్టుకుని, ఏడుస్తూనే వెళ్లి తలుపు తెరిచింది.

వరండాలో కోదండపాణి ఆమె ముఖం చూశాడు. చప్పున చూపు తిప్పేసుకుని, చేతిలోని కాగితాలు సర్దుకుంటూ అడిగాడు.

"భోంచేశావా అమ్మాయ్?"

గవ్వ అది కూడా రాసుకుంది.