అల్లుడి మీద పరిశోధన

“ఈ మాత్రతో ఎనభై శాతం మందికి మోకాళ్ళ నొప్పి తగ్గింది,” అంటూ బ్లెస్సీ చివరి స్లయిడ్ గర్వంగా చూపించింది.

నంద్యాలలో ఫార్మసిస్టులు నెలకోసారి కలుస్తారు. ఒకరు కొత్త పరిశోధనను చదివి వినిపించాలి, మిగతావాళ్ళు అందులో లోపాలు వెతకాలి. వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది.

“ఎనభై శాతం అంటే ఎవురిలో మేడమ్?”

“మాత్ర వాడినవాళ్ళలో.”

“మొదలుపెట్టింది రెండు నూర్ల మంది. ఆఖరుకు మిగిలింది నూరు మందే. మిగతావాళ్ళు యాడికి పోయినారు? తగ్గలేదని మానేసినారేమో!”

హాల్లో నవ్వులు. బ్లెస్సీకి ఒళ్ళు మండింది. అతను శాంసన్, ఆళ్ళగడ్డలో మెడికల్ షాపు నడుపుతున్నాడు. కళ్ళు మాత్రం బాగున్నాయి, అందుకు ఇంకా మండింది.

బయటికొస్తే జోరువాన. ఇద్దరూ ఒకే చూరు కింద ఇరుక్కున్నారు. బ్లెస్సీ ఫోన్లో ఆ పరిశోధన మళ్ళీ చదివింది. సగం మంది మానేసిన మాట నిజమే.

“మీరు చెప్పింది కరెక్టే. చెప్పిన తీరే బాగలేదు.”

“తీరు మార్చుకుంటా. టీ తాగుతా మాట్లాడుకుందామా?”

ఆ టీ ఏడాది సాగింది. నెలకో పరిశోధన, నెలకో కొట్లాట. వాదనలో ఓడిపోయి కూడా సంతోషంగా ఇంటికెళ్తున్నానంటే ఇది ప్రేమ కాక మరేంటి అనుకుంది బ్లెస్సీ. అతనూ అదే అనుకున్నాడు, ముందుగా బయటికి చెప్పేశాడు.

ఇక మిగిలింది నాయన ఏలీయా, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన ఊ అనకుండా బ్లెస్సీ పెళ్ళి చేసుకోదు.

“విచారించినా. ఆ పిల్లోడు వద్దు,” అన్నాడాయన. “నలుగుర్ని అడిగితే నలుగురూ ఒకటే మాట. మొండోడంట, ఎవురి మాటా వినడంట.”

“ఎవుర్ని అడిగినావు నాయనా?”

“ఆళ్ళగడ్డ షాపులకు మందులేసే ఏజెంట్లను. మన చర్చివాళ్ళే.”

బ్లెస్సీ ఏడవలేదు. మీటింగులో లేచినట్టు లేచింది.

“నలుగురూ సరుకు అమ్ముకునేటోళ్ళే! ఏ మందు తెచ్చినా శాంసన్ రుజువు చూపమంటాడు. వాళ్ళు మెచ్చుకుంటారా? ఆ షాపులో మందులు కొనేటోళ్ళను ఒక్కరినన్నా అడిగినావా?”

లెక్కల మాస్టారు చెప్పులేసుకొని ఆళ్ళగడ్డ బస్సెక్కాడు.

సాయంత్రం వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బ్లెస్సీ ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఏమైంది నాయనా?”

“షాపుకొచ్చినోళ్ళను అడిగినా. ఒక ముసలామె వాణ్ణి దీవిస్తానే ఉంది. నాకు నమ్మకం కుదర్లేదు. నేనే పోయి, షుగర్ పోతాదని టీవీలో చూపిస్తాండారే, ఆ పొడి ఇమ్మన్నా. ‘దానికి రుజువు లేదు పెద్దాయనా, మీ మాత్రలు మటుకు మానొద్దు’ అన్నాడు. అరిచినా. కొట్లాడినా. ఇయ్యలేదు.” ఏలీయా కూతురి వైపు తిరిగాడు. “మొండోడే. నాకు అట్లాంటోడే కావాల.”

బ్లెస్సీ పరుగున వెళ్ళి శాంసన్‌కు ఫోన్ చేసింది.

“ఈరోజు ఎవురో పెద్దాయనతో కొట్లాడినావంట?”

“అవును. ఏం మనిషో, ఒకటే గోల!”

“ఆయన మా నాయన.”

అవతల ఏదో డబ్బా కింద పడిన చప్పుడు.

“సచ్చినా. బ్లెస్సీ, అంతా నేనే చెడగొట్టినా.”

“ఆదివారం మీ అమ్మను పిలుచుకొని రమ్మంటాండాడు.”

ఆళ్ళగడ్డ బజారులో శాంసన్ వేసిన కేక ఫోన్లోంచి ఏలీయా కుర్చీ దాకా వినిపించింది.