తడి గోడ మీద రాజు చెయ్యి

వేసవి మధ్యాహ్నాల్లో ఈ ఎడారి దేశంలో బిల్డింగ్ సైట్లన్నీ ఆగిపోతాయి. ఆ ఎండలో బయట పని చేయించకూడదు. అందరూ రూముల్లో కునుకు తీస్తుంటే, కంపెనీవాళ్లు నన్నొక్కణ్ణే రుస్తాఖ్ శివారులోని బంగళాకు పంపారు. గోడ నున్నగా తీయడంలో నా చెయ్యి మంచిదట. చిటికెన వేలు సగం తెగిపోయిన ఈ కుడి చెయ్యి! పేరు తెచ్చుకుంటే ఇవే తిప్పలు.

బంగళాలో ఉండేది ఒక ముసలి రాజు. ఆయన దేశాన్ని సైన్యం లాక్కుంటే పారిపోయి వచ్చి ఇక్కడ తలదాచుకున్నాడు. ఆయన్ని చూసుకునే నర్సు రుబీనాది మా జగిత్యాలే. నేను ప్లాస్టర్ కలుపుతుంటే సంగతంతా గుసగుసగా చెప్పింది.

"వాళ్ల దేశం మిలిట్రీవాళ్లు మళ్ల రాజును గద్దె మీద కూసోబెడ్తరంట భూమన్నా. జప్తు జేసిన ఆస్తులు గూడ ఇడుస్తరంట. కొడుకులిద్దరు కొట్టుకుంటున్నరు."

"మరి ఈ గోడెందుకు?"

"వాళ్ల రివాజు. తడి గోడ మీద రాజు చెయ్యి అద్దుతడు. దాని పక్కన ఎవరి చెయ్యి పడ్తే వాళ్లే వారసులు. సాయంత్రం మిలిట్రీవాళ్లు చూడనీకి వస్తరు."

రాజు గదిలో ఏసీ చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. ఊదు పొగ కళ్లు మండిస్తోంది. ఆ పొగ అడుగున ఇంకేదో వాసన... నేను గోడకు పూత వేసి పక్కకు జరిగాను. పెద్ద కొడుకు చక్రాల కుర్చీ తోసుకొచ్చాడు. అందులో రాజు. నల్లకళ్లద్దాలు, మెడదాకా శాలువా. కొడుకు ఆయన చెయ్యి ఎత్తి గోడకు నొక్కాడు. వేళ్లు వంగలేదు. ఆ చెయ్యిని మళ్లీ ఒళ్లో పెట్టాడు.

"అక్కా... పెద్దాయన..." పక్కనున్న రుబీనాను అడిగాను.

"సప్పుడు జెయ్యకు. పొద్దుగాలనే పోయిండు."

కొడుకు తన చెయ్యి ఎత్తాడు. అప్పుడే గేటు దగ్గర కారు హారన్. తమ్ముడు వచ్చేశాడు! గోడను ఎవరూ ముట్టొద్దని హిందీలో అరిచి, పెద్ద కొడుకు బయటికి పరుగెత్తాడు.

గదిలో ఏసీ చప్పుడు ఒక్కటే మిగిలింది. నా కళ్లు గోడ మీదే ఉన్నాయి. పూత తడి గుంజుకుందో లేదో... ఏ మేస్త్రీ అయినా అరచెయ్యి ఆనించే చూస్తాడు. ఇన్నేళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది.

"భూమన్నా!"

అప్పటికే అయిపోయింది. రాజు పొడుగు వేళ్ల పక్కన, నా సగం వేలు.

తాపీ అందుకుని రుద్దాను. రెండు గుర్తులూ పోయాయి. చూస్తుండగానే మళ్లీ లోపలికి దిగాయి. మొదట ఆయనది... తర్వాత నాది.

"భూమన్నా," రుబీనా చక్రాల కుర్చీకేసి చూపించింది. "ఆయన చెయ్యి ఇంతకుముందు ఒళ్లె ఉండె."

నా మణికట్టును ఏదో చల్లగా పట్టుకుంది. కిందికి చూడలేదు. విదిలించుకుని, వంటింటి తలుపులోంచి ఖర్జూరపు తోటలో పడి పరుగెత్తాను.

ఇప్పుడు అల్ సువైక్ అనే ఊళ్లో వేరే పేరుతో పని చేస్తున్నాను. కొడుకులిద్దరి మనుషులూ సగం వేలున్న మేస్త్రీ కోసం క్యాంపులన్నీ వెతుకుతున్నారని రుబీనా ఫోన్ చేసింది. తర్వాత ఆమె ఫోనే కలవలేదు. భయంగా ఉంది. నాకు రాజ్యమెందుకు? ప్రాణాలతో ఇల్లు చేరితే చాలు. అన్నం తినేటప్పుడు కూడా గ్లవ్స్ తీయడం లేదు.

ఈ పొద్దున గోడకు పూత వేసి దిగాను. మా ఫోర్‌మన్ జిలాని, కడప మనిషి, గోడకేసి చూసి నవ్వాడు.

"ఏమయ్యా, తడి గోడ మీద చెయ్యెందుకు పెడ్తివి?"

సగం వేలున్న అరచెయ్యి. నా చేతులకు గ్లవ్స్ అలాగే ఉన్నాయి.

"సరేగానీ, దాని పక్కన ఉండేది ఎవురిది?"

పొడుగు వేళ్లు. ఈసారి అవి నా చేతివైపు వంగి ఉన్నాయి.