ఎనిమిది అక్షరాల పెట్టె

కృపారాణి గోడలోంచి ప్లగ్గు పీకేసింది.

కీబోర్డు మీద చిన్న అద్దం గుడ్డిదైపోయింది. దాని మీద ఇంగ్లీషులో వెలుగుతున్న ‘సుకుమారి’ అన్న పేరు ఆరిపోయింది.

“ఏంది నువ్వు చేసింది?” శాంతికుమార్ లేచి నిలబడ్డాడు. “ఇప్పుడే లోడ్ చేసినాను. అన్నీ పోయినాయి!”

“పోనీ. సుకుమారి మళ్ళీ వచ్చి పాడతాదిలే.”

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఉందా గది. పెళ్ళిళ్ళకూ చర్చి కూటాలకూ వాయించే బృందం శాంతికుమార్‌ది. 1994 మొదట్లో మద్రాసు నుంచి పాత శాంప్లర్ ఒకటి తెచ్చాడు. చూడటానికి మామూలు కీబోర్డే, కానీ దానికి సొంత గొంతు లేదు. మైకులో ఏ శబ్దం వినిపిస్తే దాన్నే పట్టుకుని మీటలన్నిటి మీదా పరుస్తుంది. కుడివైపు మీటలు నొక్కితే సన్నగా, ఎడమవైపువి నొక్కితే బొంగురుగా పలుకుతుంది. కరెంటు పోతే అన్నీ మరిచిపోతుంది. ఫ్లాపీలో దాచుకున్నవే తిరిగొస్తాయి.

ఉదయగిరి చర్చి పాటల్లో కృపారాణిది ముందు గొంతు. ఈస్టరు పాటల ప్రాక్టీసుకని ఈ కీబోర్డుతో మూడు శనివారాలు అక్కడికి వచ్చిన శాంతికుమార్, పండగ అయ్యాక మళ్ళీ కనబడలేదు. ఎల్లుండి ఆదివారం కావలి నుంచి సంబంధం వాళ్ళు వస్తున్నారు. నచ్చితే తండ్రి వరదయ్య అక్కడికక్కడే మాట ఇచ్చేస్తాడు. ఆ సంగతి చెబితే శాంతికుమార్ నోటి నుంచి ఏదైనా వస్తుందేమోనని ఆమె బస్సెక్కి వచ్చింది.

గుమ్మంలోనే సుకుమారి ఎదురైంది. బృందంలో పాడే అమ్మాయి. “నా పేరు భద్రంరా శాంతీ!” అని వెనక్కి తిరిగి నవ్వుతూ వెళ్ళిపోయింది. లోపలికొచ్చి చూస్తే అద్దం మీద అదే పేరు. చెయ్యి దానంతటదే ప్లగ్గు మీదికి పోయింది.

శాంతికుమార్ ప్లగ్గు పెట్టి ఫ్లాపీ లోపలికి తోశాడు. అది కిర్రుకిర్రుమంది.

“ఎంతసేపు పడతాది?”

“రెండు నిమిషాలు.”

“నాకు బస్సు ఉండాది.”

“ఐదింటికి గదా. పావుగంట ఉండాదిలే, కూర్చో.”

కృపారాణి కూర్చోలేదు. “ఆ పిల్ల గొంతు అంత బాగుంటాదా?”

“బాగుంటాది,” అని నవ్వాడు.

“అయితే ఆమెతోనే పాడించుకో. ఎల్లుండి కావలి వాళ్ళు నన్ను చూసేదానికి వస్తా ఉండారు.”

ఫ్లాపీ కిర్రుమంటూనే ఉంది. అతని మొహంలో నవ్వు పోయింది. “నువ్వేమన్నావు?”

“నన్ను అడిగినోళ్ళు ఎవురుండారు?”

చెప్పాల్సిన మాట బస్సు కదిలిపోయాక గుర్తొచ్చేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఆ తర్వాత ఎంత పరుగెత్తినా దుమ్ము తప్ప ఏమీ అందదు. శాంతికుమార్ కూడా వాళ్ళలో కలిసిపోయేలా ఉన్నాడు. ఫ్లాపీ వైపే చూస్తున్నాడు.

కిర్రుమనడం ఆగింది. అద్దం మీద మళ్ళీ సుకుమారి.

కృపారాణి ఒంటికాలి మీద లేచి, ఎడమ చివరి మీటను గట్టిగా గుద్దింది.

“ఏం... దీ... శాం... తీ...”

పెద్ద మగ గొంతు. కృపారాణి చటుక్కున పవిట సర్దుకుని తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

“అది మా నాయన గొంతు! నాయన ఇందులోకి ఎట్టా వచ్చినాడు?”

శాంతికుమార్‌కు నవ్వాగలేదు. “మధ్య మీట నొక్కి చూడు.”

నొక్కింది. “ఏంది శాంతీ!” అని తన గొంతే తనను కసిరింది.

“ఇది నేను గదా!”

“నువ్వే. మొదటి శనివారం చెప్పకుండా మైకు మూతి కాడ పెడితే తిట్టినావు, మరిచిపోయినావా?”

“మరి ఆ పేరేంది?”

అతను తల గోక్కున్నాడు. “పెట్టెలో చోటు చాలలా. నీది పట్టాలంటే ఎవరిదో ఒకరిది తీసెయ్యాల. సుకుమారి గొంతు తీసేసి ఆ చోట్లో నీది పెట్టినాను. అందుకే ఆమె, పేరన్నా భద్రంగా ఉంచరా అని ఎగతాళి చేస్తాది.”

“పేరు మార్చేదానికి ఏమొచ్చింది?”

“ఇది ఎనిమిది అక్షరాలే తీసుకుంటాది. సుకుమారికి ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిది. నీకు తొమ్మిది. చివరిది కోసేస్తే కృపారాన్ అని మగోడి పేరు మాదిరి వచ్చింది. నీ పేరు కొయ్యడానికి నాకు చెయ్యి రాలా.”

“కొయ్యలేక ఇంకో పిల్ల పేరు ఉంచుకుంటావా! రాణి అని పెట్టొచ్చు గదా?”

“రాణి అంటే మర్రిపాడులో మా మేనత్త మనవరాలు.”

“అదెవురు మళ్ళీ?”

“రెండేండ్ల పిల్ల తల్లీ!”

ఆమె నవ్వాపుకోడానికి కిటికీ వైపు తిరిగింది. బస్టాండులో ఉదయగిరి బస్సు హారన్ కొట్టింది.

“పోతావా?” అన్నాడు. గొంతు ఎడమ చివరి మీటలా పలికింది.

“పోవాల. తెలుగులో నా పేరు ఎన్ని అక్షరాలు?”

“నాలుగు.”

“మరి?”

“మిషన్‌కి తెలుగు రాదు గదా.”

“నీకొచ్చు గదా. రేపు వచ్చి మా నాయనకు తెలుగులో చెప్పు.”

ఆమె సందు మలుపు దాటింది. శాంతికుమార్ ఒక్క క్షణం తలుపులోనే నిలబడ్డాడు. తర్వాత ప్లగ్గు తనే పీకేశాడు. ఫ్లాపీ జేబులో వేసుకుని, గదికి తాళం పెట్టి పరుగెత్తాడు. బస్సు కదులుతుంటే వెనక మెట్టు అందుకున్నాడు.

“రేపు రమ్మన్నా గదా,” అంది కృపారాణి ఆశ్చర్యపోతూ.

“రేపెందుకు? జరుగు.”

కిటికీ వైపు జరిగి చోటిచ్చింది. బస్సు వాసిలి ఊరు దాటింది. అప్పుడు ఆమె అతని వైపు తిరగకుండానే అడిగింది.

“ఆ రాణి నిజంగా రెండేండ్ల పిల్లేనా?”