నాదబంధం

చంద్రుడి మీది ఏడో గనిలో ముప్పై ఏళ్లు దాటిన మనిషికి చెవులు సరిగా వినపడవు. 2097 నాటికి అక్కడ అదేమీ వింత కాదు. గాలి నింపిన సొరంగాల్లో రాళ్లు పిండిచేసే యంత్రాల హోరు ఒక్క క్షణం ఆగదు. పనిలో చేరిన ఏడాదికే ప్రతివాళ్లకూ శ్రవణయంత్రం ఇస్తారు. లేవగానే పళ్లు తోముకున్నట్టే, దాని సన్నటి గొట్టం తుడిచి చెవిలో పెట్టుకుంటారు.

ఆ గొట్టాలు తయారుచేసే ఇంజనీరు పైడితల్లి. యంత్రంలో మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటే, చిప్ దాన్ని వడపోస్తుంది. రిసీవర్ అనే బుల్లి స్పీకర్ ఆ శబ్దాన్ని గొట్టంలోంచి చెవికి పంపుతుంది. తంటా అంతా రిసీవర్ మూతికి గొట్టం అతికే చోటే. అతుకు వెంట్రుకవాసి వదులైనా లోపలి శబ్దం బయటికి కారి, మళ్లీ మైకులో పడి, చెవిలో ఈల మోగుతుంది. బయటి హోరు కూడా ఆ సందులోంచే లోపలికి దూరుతుంది. గట్టిగా నమిలితే చాలు, పాత అతుకులు వదులైపోయేవి.

పైడితల్లి దానికి ఆరేళ్లు ధారపోసింది. చివరికి రిసీవర్ మూతి చుట్టూ పొలుసుల్లాంటి గాట్లు పెట్టింది. ఒంటి వేడికి ఉబ్బి గొట్టాన్ని కరిచిపట్టుకునే రెండు మెత్తటి రింగులు వేసి, పైన కొద్దిగా తిప్పితే పడే తాళం బిగించింది. సుత్తితో మోదినా శబ్దం ఒక్క చుక్క కారలేదు. దానికి నాదబంధం అని పేరు పెట్టింది. ఇక చిప్ పంపిందే చెవికి చేరుతుంది.

చిప్‌లు చేసే ఖాదర్‌వలీ ఆమె కంటే పెద్దవాడు. నాదబంధం చూసి ముచ్చటపడ్డాడు.

"ఇన్నాళ్లకి నా వడపోతకి అర్థం వచ్చిందమ్మా. యంత్రాల హోరు ఆపడానికి ఒక మీట పెట్టాను, పేలుళ్లకి ఒకటి, మనుషుల మాటలకి ఒకటి."

"మాటలు ఆపడం ఎందుకండీ?"

"పక్క మంచం వాడు కబుర్లు మొదలెడితే నిద్రపోవద్దా మరి?"

ఆమె నవ్వేసింది.

ఆ నెలలోనే మూడో సొరంగం కప్పు కూలి పదకొండు మంది చచ్చిపోయారు. కప్పుకి దన్ను పెట్టేదాకా గనిలోకి దిగేది లేదని కార్మికులు పని ఆపేశారు. కంపెనీ కాపలాదళం శబ్దఫిరంగి తెచ్చి మొదటి రోజే పేల్చింది. దాని మోత పాత అతుకుల సందుల్లోంచి దూరి, జనం చెవుల్లో నెత్తురు కారి, నిలబడలేక కుప్పకూలారు. పడ్డవాళ్లని కాపలావాళ్లు ఇనప కర్రలతో చితకబాదారు. ఇద్దరు మళ్లీ లేవలేదు.

మర్నాడు పైడితల్లి తమ్ముడు సింహాద్రి పగిలిన పెదవితో ప్రయోగశాలకి వచ్చాడు. అతను డ్రిల్లు పనివాడు.

"అక్కా, నీ కొత్త అతుకులు నలభై జతలు కావాలి."

"అవి పెట్టుకుని ఏం చేస్తారు?"

"పడిపోకుండా నిలబడతాం. అంతే."

ఆమె ఇచ్చేసింది. ఒక్కొక్కటీ తన చేత్తోనే బిగించింది.

మూడోనాడు పెద్ద సొరంగంలో ఫిరంగి మళ్లీ మోగింది. తాను చేసింది పనిచేస్తుందో లేదో చూద్దామని పైడితల్లి పైనున్న ఇనప వంతెన మీద నిలబడింది. నలభై మంది డ్రిల్లు కడ్డీలు పట్టుకుని ఆ మోతకి ఎదురు నడిచారు. ఒక్కడూ తూలలేదు. కాపలావాళ్లు మోత పెంచారు. గోడల మీంచి రాళ్లు రాలాయి. వాళ్లు నడుస్తూనే ఉన్నారు.

ఫిరంగి దగ్గరున్నవాడి దవడ మొదటి దెబ్బకే విరిగింది. రెండోవాడి మోకాలు ముక్కలైంది. మిగతావాళ్లు కర్రలు పారేసి చేతులెత్తారు. అక్కడితో ఆగుతుందనుకుంది పైడితల్లి. ఆగలేదు. ఎత్తిన చేతుల మీదే కడ్డీలు పడ్డాయి. పాక్కుంటూ పోతున్నవాళ్లని కాళ్లు పట్టి వెనక్కి లాగి కొట్టారు. సింహాద్రి ఒకణ్ణి గోడకి అదిమిపెట్టాడు. వాడు జోగినాథం, భోజనశాలలో రోజూ వాళ్ల పక్క బల్ల దగ్గర తినేవాడు. వాడి నోరు కదులుతూనే ఉంది. సింహాద్రి కడ్డీ లేచి పడుతూనే ఉంది. తలకాయ మెత్తబడి, నోరు కదలడం ఆగాక కూడా ఇంకో నాలుగు దెబ్బలు పడ్డాయి.

"సింహాద్రీ, చాలురా" అని ఆమె గొంతు చిరిగేలా అరిచింది. నలభై మందిలో ఒక్క తలా ఇటు తిరగలేదు.

పద్నాలుగు మంది కాపలావాళ్లు చచ్చిపోయారు.

తప్పు తన అతుకుదేనని పైడితల్లికి అనిపించింది. మనిషి గొంతు కూడా ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. వినిపించి ఉంటే తన తమ్ముడు అలా చేసేవాడు కాదు. నలభై యంత్రాలూ తెప్పించి, ఖాదర్‌వలీతో కలిసి విప్పి చూసింది. అతుకులన్నీ బిగువుగానే ఉన్నాయి. ఖాదర్‌వలీ చిప్‌లలో నమోదైన చిట్టాలు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"లోపమేం లేదమ్మా. మాటలన్నీ అందాయి. అవతలివాళ్లు వద్దు వద్దని ఏడవడం మొదలెట్టాక, నలభై మందీ మాటలు ఆపే మీట నొక్కేశారు. ఎవరి వేలితో వాళ్లే."

"మా తమ్ముడు?"

"అందరికంటే ఆలస్యంగా. కానీ నొక్కాడు."

లాకప్‌లో సింహాద్రి తల ఎత్తలేదు.

"వాడు నన్ను పేరు పెట్టి పిలిచాడక్కా. తన కూతురి పేరు కూడా చెప్పాడు. ఇంకాసేపు వింటే చెయ్యి ఆడేది కాదు. మొదటి రోజు మావాళ్లిద్దర్నీ చంపింది వాడి దళమే కదా. చెయ్యి ఆగకూడదనుకున్నాను."



విచారణ మూడు రోజుల్లో తేలిపోయింది. ఫిరంగి పేల్చమన్నదెవరో బయటపడటం కంపెనీకి ఇష్టం లేదు. మీట ఎవరు నొక్కారో బయటపడటం కార్మిక సంఘానికి ఇష్టం లేదు. విచారణాధికారి కోదండపాణి ఒక కాగితం ఆమె ముందుకి జరిపాడు.

"అతుకులో లోపం వల్ల మాటలు వినపడలేదని రాశాం. రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. మీరు కూడా సంతకం పెడితే ఎవరికీ ఉరి ఉండదు."

"అతుకులో లోపం లేదండీ. చిట్టాలున్నాయి."

"ఉంటే మీ తమ్ముడితో మొదలుపెట్టాలి మరి."

పైడితల్లి సంతకం పెట్టింది. చిట్టాలు అక్కడే చెరిపేశారు.

వారం తిరక్కుండా ప్రయోగశాలకి రెండు ఆర్డర్లు వచ్చాయి, కాపలాదళం నుంచి ఒకటి, కార్మిక సంఘం నుంచి ఒకటి. ఇద్దరూ అడిగింది ఆ లోపమున్న అతుకులే. అందులో ఏదీ సరిచెయ్యొద్దని ఇద్దరూ కింద గీత గీసి మరీ రాశారు.