ఎర్త్ గుంతకు నీళ్లు

"ఈ ప్లగ్గుకు పెడితే కేకు కాలదు మేడమ్, ఇల్లు కాలుతది," అన్నాడు సతీష్.

కరుణశ్రీకి ఒళ్లు మండింది. శనివారం స్నేహితురాలు రీనా పెళ్లి. కేకు తనే చేసిస్తానని మాటిచ్చింది. కొత్త అవెన్ వంటగట్టు మీద సిద్ధంగా ఉంది. తర్లగూడ నుంచి ఈ గీదం ఊరికి వచ్చి పని చేసుకుంటున్న ఈ ఎలక్ట్రీషియనేమో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మిక్సీ తిరుగుతోంది కదండీ? అవెన్‌కి ఏటి రోగం?"

"ఇది మూడు కిలోవాట్లు. మీటర్ కాడికెళ్లి దీనికొక్కదానికే లావు వైరు గుంజాలె. లోడెక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్చు వేరే పెట్టాలె. ఎర్త్ అయితే మీకు లేనే లేదు."

"పని పెంచుకుంటున్నారేటి?"

సతీష్ మెయిన్ ఆపి, సాకెట్ విప్పి, లోపలి వైరు లాగాడు. దాని తొడుగు వేళ్ల మధ్య అప్పడంలా పొడైపోయింది.

ఆ గోడకు ఆనుకునే నాన్న యేసుపాదం రోజూ పేపరు చదువుతాడు. కరుణశ్రీ ఆ గోడకేసి చూసి, టీ గిన్నె అందుకుంది.

"టీ తాగుతారా?" అంది.

సతీష్ కొత్త లైను వేశాడు. పెరట్లో గుంత తవ్వి, రాడ్డు దింపి, బొగ్గూ ఉప్పూ నింపి ఎర్త్ చేశాడు. రీనా పెళ్లికి కేకు చక్కగా పొంగింది.

పని అయిపోయింది. సతీష్‌కి మాత్రం ఆ ఇంటి దారి వదలబుద్ధి కాలేదు. మనసులో మాట చెప్పాక ఆమె కాదంటే ఆ గుమ్మం కూడా దూరమవుతుంది. అందుకని, "ఎండలకు ఎర్త్ గుంత ఆరొద్దు," అంటూ సాయంత్రాలు వచ్చి బకెట్టెడు నీళ్లు పోసేవాడు.

అన్ని నీళ్లు అక్కర్లేదని రైల్వేలో రిటైరైన యేసుపాదానికి తెలుసు. అయినా చెప్పలేదు. భార్య పోయాక కూతురి నవ్వు పెరటిదాకా వినిపించడం ఇదే మొదలు. దేవుడికి మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాడు.

జూన్‌లో వాన దంచికొట్టింది. పెరడంతా ఎర్రనీళ్లు. కరుణశ్రీ కిటికీ తెరిస్తే, ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో బకెట్టుతో సతీష్!

"ఏటండీ ఇది! వానలో నీళ్లు పోస్తున్నారా?"

"అలవాటైంది మేడమ్."

"గుంతకా, మీకా?"

గొడుగు పక్కకు ఒరిగింది. "నాకే. మిమ్మల్ని చూడకుంటే పొద్దు పోతలేదు. నచ్చకుంటే చెప్పుండ్రి, మళ్ల రాను."

"ఆ రోజు ఆ వైరు లాగి చూపించినందుకు మీకు దండం పెట్టాలి. ఇష్టం మాత్రం అందుకు కాదు."

"మరెందుకు?"

"ఇంత వానలో నీళ్లు పోసే మనిషి నాకింకెక్కడ దొరుకుతాడండీ?"

తలుపు తెరుచుకుంది. "బకెట్టు అక్కడ పడేసి లోపలికి రా బాబూ," అన్నాడు యేసుపాదం. "మీ అమ్మగారికి ఫోన్ కలుపు. నేను మాటాడతాను."

సతీష్ ఫోన్ తీశాడు. తడి వేలికి అది పలకలేదు. ఇంకోసారి నొక్కాడు. ఊహూఁ.

కరుణశ్రీ నవ్వుతూ వచ్చి, అతని చేయి పట్టుకుని, ఆ వేలిని తన చున్నీ అంచుతో మెల్లగా తుడిచింది.