గాజు సీసా, లిప్‌స్టిక్ గొట్టం

"ఒకే ఒక్క సీసా. ఏం జరిగినా అది ల్యాబ్ గడప దాటకూడదు," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ ముంగిస అని పిలిచే ఆ ఏజెంట్‌కి కెమిస్ట్రీ అంటే గుండుసున్నా. చీఫే విడమరిచాడు. రక్తంలో చేరి జనాన్ని చంపే ఒక పరాన్నజీవి, తనకు కావలసిన కొవ్వును మన కణాల నుంచే దొంగిలిస్తుంది. సీసాలోని ప్రోబ్, అంటే ఆచూకీ తీసే రసాయనం, అచ్చం కొవ్వులా ఉంటుంది. పురుగు తిండి అనుకుని మింగాక, దానికి రంగు తగిలిస్తే కొవ్వు ఎటు పోయిందో మైక్రోస్కోప్‌లో కనబడుతుంది. మందు ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది.

"అదీ నాలాంటి గూఢచారే అన్నమాట."

"నీకన్నా నయం, నోరెత్తదు. లోపల మన లేడీ ఏజెంట్ కెమిస్ట్ వేషంలో ఉంది. కోడ్ వర్డ్ 'నూనె తేరింది'. నీది గ్లాసులు కడిగేవాడి వేషం."

మూడు వారాలు ముంగిస గ్లాసులు కడిగాడు, తిట్లు తిన్నాడు. ఆ ప్రోబ్ తయారుచేసిన సైంటిస్టమ్మ నోరు అలాంటిది.

"అది క్లోరోఫామ్‌లో ఉంటుందయ్యా. ప్లాస్టిక్‌లో పోస్తే ప్లాస్టికే కరిగిపోతుంది. గాజు తప్ప ఇంకోటి దగ్గరికి తెచ్చావో, గేటు బయట ఉంటావ్."

ఆవిడంటే ముంగిసకు ఒళ్లు మంట. లేడీ ఏజెంట్ నవ్వే కాస్త ఊరట. ఆమెను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు.

ఆ రోజు భోజనాల వేళ, మర్చిపోయిన బ్రష్ కోసం వచ్చిన ముంగిస గుమ్మంలోనే ఆగిపోయాడు. లేడీ ఏజెంట్ సగం ప్రోబ్ లిప్‌స్టిక్ గొట్టంలో పోసి, మూత బిగించి, కోటు జేబులో వేసుకుంది. మిగతా సగం ఉన్న సీసాను సింక్ మీద పట్టుకుంది. అతన్ని చూడగానే రెండో చేతిలోకి పిస్టల్ వచ్చింది.

"నూనె తేరిందా?" అన్నాడు ముంగిస.

"తేరింది. సగం నన్ను కొనుక్కున్నవాళ్లకి, సగం మురిక్కాలవకి. కదిలితే కాలుస్తా."

"ఆవిడ మూడేళ్ల కష్టం అది."

"ఇకనైనా రెస్ట్ తీసుకోమను."

సీసా వంగింది. ప్రోబ్ అంచుదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమె కెవ్వుమంది. జేబులోంచి గులాబీరంగు జిగురు తొడ మీదికి కారుతోంది. ప్లాస్టిక్ గొట్టం అడుగు కరిగిపోయింది. ఆమె కిందికి చూసిన ఆ ఒక్క క్షణంలో ముంగిస దూకాడు. సీసా ఒక చేతికి, పిస్టల్ ఇంకో చేతికి వచ్చాయి.

"ఇక్కడ తిట్లు తినకపోతే చదువు రాదమ్మా," అన్నాడు.

అలికిడికి సైంటిస్టమ్మ పరుగెత్తుకొచ్చింది. పిస్టల్ కేసి చూడనేలేదు.

"గ్లవ్స్ లేకుండా నా సీసా పట్టుకున్నావా? నడు బయటికి."

సీసా గడప దాటలేదు. ముంగిస దాటాడు.